ఆంజాక్ రోజున వెలిగించిన నిప్పు

బ్లాక్ గల్లీ ఊళ్లో ఏ మగవాణ్ణయినా పలకరించి ఒంట్లో ఎలా ఉందని అడగండి, ముక్తసరిగా ఒక మాట అని ఊరుకుంటాడు. ఇంట్లో నిప్పు ఎలా ఉందని అడగండి, ఛాతీ విరుచుకుని అరగంట వదలడు. అక్కడ చలి మొదలయ్యే ఏప్రిల్ చివర్లో, యుద్ధాల్లో పోయినవాళ్లను తలుచుకునే ఆంజాక్ రోజున తెల్లవారకముందే యుద్ధ స్మారకం దగ్గర టోపీ తీసి నిలబడి, ఇంటికొచ్చి ఇల్లు వెచ్చబెట్టే పొయ్యి వెలిగించాలి. అక్టోబరులో హోబర్ట్ తిరునాళ్ల రోజున టమాటా నారు నాటేదాకా ఆ నిప్పు ఆరకూడదు. ఈ నియమం ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. తప్పినవాణ్ణి మాత్రం ఫుట్‌బాల్ క్లబ్బులో మళ్లీ ఆంజాక్ రోజు వచ్చేదాకా ఏడిపించి వదులుతారు.

క్లైవ్ డిరీన్‌ను ఏడిపించే అవకాశం ఇంతవరకు ఎవరికీ దొరకలేదు. పెళ్లయిన ఏడాది నుంచి ఒక్క చలికాలం కూడా అతని పొయ్యి ఆరలేదు. దానికి అతని పద్ధతి అతనికుంది. ఏడాదికొకసారి డీజిల్‌లో ముంచిన గుడ్డ పెట్టి భగ్గుమని వెలిగిస్తాడు. ఆ తర్వాత ప్రతి రాత్రీ పడుకోబోయే ముందు పొయ్యిలో పట్టినంత పెద్ద మొద్దు కుక్కి, తలుపు కింద ఉన్న గాలి మీటను చివరికంటా మూసేస్తాడు. ఆ మొద్దు మండదు, ఆరదు. రాత్రంతా మూలుగుతూ రాజుకుంటుంది. తెల్లారి మీట తెరిచి నాలుగు పుల్లలు వేస్తే మళ్లీ మంట లేస్తుంది. పొయ్యి తలుపుకున్న అద్దం మే నెలకే నల్లబడి, లోపల ఏముందో దేవుడికి తప్ప ఎవరికీ కనబడేది కాదు.

అతని భార్య గ్లెనిస్ ఆ ఊరి స్కూలు బస్సు నడుపుతుంది. పొయ్యి జోలికి ఎప్పుడూ పోలేదు. "పొయ్యి నీది, బస్సు నాది. నేను నీ మొద్దులు ముట్టను, నువ్వు నా గేర్లు ముట్టకు," అనేది. ఆ ఒప్పందంతో ఇద్దరూ హాయిగానే కాపురం చేశారు.

ఈ ఏడు ఫిబ్రవరిలో ఆ ఒప్పందం చెడింది. అడవిలో కట్టె కొట్టి బండికెత్తుతూ క్లైవ్ బండి మీంచి జారి పడ్డాడు. కుడి భుజానికి ఆపరేషన్ అయింది. చెయ్యి మెడకు వేలాడదీసి, వసంతం వచ్చేదాకా గొడ్డలి పేరెత్తొద్దని డాక్టరు గట్టిగా చెప్పింది. కట్టెల కొట్టం మామూలుగా కప్పుకు తగిలేలా నిండాల్సింది సగంలో ఆగిపోయింది. కొందామంటే, చలికాలంలో లారీల మీద వచ్చేది మొన్న కొట్టిన పచ్చి కట్టె. దాన్ని ఎండుకట్టె అని ఒట్టేసి మరీ అమ్ముతారు.

ఇక వెర్నా రంగంలోకి దిగింది. వెర్నా క్లైవ్‌కి అక్క. కింగ్‌స్టన్‌లో కొత్త ఇల్లు, గోడకు తగిలించిన కరెంటు హీటరు, తివాచీల మీద ప్లాస్టిక్ కవర్లు, ఏ తువ్వాలు ఎవరిదో చెప్పే రంగుల పద్ధతి, అన్నీ ఉన్నాయి. లేనిదల్లా మాట వినే మనిషి.

"ఏరా తమ్ముడూ, ఆ కాస్త కట్టె ఎన్నాళ్లొస్తుంది? జూలైకల్లా చలికి పళ్లు టకటకలాడించుకుంటూ కూర్చుంటారు ఇద్దరూ," అంది ఫోన్లో. "అయిపోగానే మా ఇంటికొచ్చెయ్యండి. బటన్ నొక్కితే వేడి. మసి లేదు, గొడ్డలి లేదు."

"అయిపోయిన రోజున వస్తాంలే అక్కా," అన్నాడు క్లైవ్.

"మాట మీద నిలబడతావా?"

"ఎప్పుడు తప్పాను? నిప్పు ఆరిందంటే ఆ రోజే బయల్దేరతాం."

పక్కన కూర్చుని స్వెటర్ అల్లుకుంటున్న గ్లెనిస్ సూదులు ఒళ్లో పడేసింది. వెర్నా ఇంటికి వెళ్లడమంటే తువ్వాళ్ల రంగులు నేర్చుకోవడం ఒక్కటే కాదు. పొద్దున్నే ఏడింటికి కింగ్‌స్టన్ నుంచి వచ్చి బ్లాక్ గల్లీలో బస్సు తీయడం కుదరని పని. ఒక్క చలికాలం వదిలేస్తే బస్సు ఇంకొకరి చేతికి పోతుంది, మళ్లీ తిరిగి రాదు. ఆ బస్సులో ఎక్కే పిల్లల తల్లుల్లో సగం మందిని చిన్నప్పుడు ఆమే దించింది. ఆ మలుపులు, ఆ గేట్లు, గేటు దగ్గర చెప్పులు మర్చిపోయే పిల్లలు, అదంతా ఆమె బతుకు. అది పోతే తన దగ్గర ఇంకేం మిగులుతుందో ఆమెకు తోచలేదు.

"ఎవర్ని అడిగి మాటిచ్చావు?" అని ఫోను పెట్టగానే నిలదీసింది.

"నిప్పు ఆరితే కదా? నా నిప్పు ఎప్పుడారింది? నువ్వు నేను చెప్పినట్టు చెయ్యి, చాలు."

చెప్పినట్టే చేసింది. ఆంజాక్ రోజున డీజిల్ గుడ్డ పెట్టి తనే వెలిగించింది. క్లైవ్ కుర్చీలో కూర్చుని ఎడమ చేత్తో వేలు చూపిస్తూ రాజ్యం ఏలాడు. "ఆ పెద్దది వెయ్యి. అది కాదు, దానికంటే పెద్దది. ఆఁ, ఇప్పుడు మీట మూసెయ్. ఇంకా. ఇంకా. చివరికంటా." మొద్దులు మోసి మోసి గ్లెనిస్‌కి నడుం పట్టేసింది. గదిలో మాత్రం వేడి అంతంతే. పొద్దున లేచేసరికి పొయ్యి ముట్టుకుంటే చెయ్యి కాలదు, గది గోరువెచ్చగా కూడా ఉండదు. మే నెల గడిచేసరికి కొట్టంలో ముందు వరసలు గబగబా తరిగిపోయాయి. చూస్తూ చూస్తూ గ్లెనిస్‌కి కింగ్‌స్టన్ తివాచీలు కళ్లముందు కదిలాయి.

రోజూ పొద్దున్నే బస్సు కొండ మలుపు ఎక్కాక లోయంతా కింద కనబడుతుంది. ఎన్నో ఏళ్లుగా చూస్తున్నదే, కానీ ఆ జూన్‌లో మొదటిసారి పరకాయించి చూసింది. ప్రతి ఇంటి గొట్టంలోంచి గోధుమరంగు పొగ బద్ధకంగా లేచి, గాలి లేక, నది మీద దుప్పటిలా పరుచుకుని కూర్చుంది. అన్నింటికంటే చిక్కటి పొగ ఎవరింటిదా అని చూస్తే తమదే. నది ఒడ్డున ఒక్క ఇంటి గొట్టం మీద మాత్రం పొగ జాడ లేదు. అది ఊనా ఇల్లు.

ఊనా మట్టి పాత్రలు చేసి కాల్చి అమ్ముతుంది. సముద్రం అవతలి మెయిన్‌ల్యాండ్ నుంచి వచ్చి ఆ ఒడ్డున ఇల్లు కట్టుకుని జుట్టు నెరిసిపోయినా, ఊరివాళ్లకు ఇంకా కొత్తగా వచ్చినావిడే. ఆమె గొట్టంలో పొగ రాదు కాబట్టి పాపం పొయ్యి వెలిగించుకునే స్తోమత లేదని మగవాళ్లంతా కూడబలుక్కుని తీర్మానించారు. క్లైవ్‌కి జాలి ఎక్కువ. ఏటా జూన్‌లో ఒక బండెడు కట్టె తీసుకెళ్లి ఆమె పెరట్లో దించి వచ్చేవాడు.

"ఊనాకి కట్టె ఇవ్వలేదు ఈ ఏడు," అన్నాడు ఒక శనివారం. "కారు డిక్కీలో పట్టినంత తీసుకెళ్లి ఇచ్చిరా."

"మనకే లేక చస్తుంటే ఊరికి దానమా?"

"పాపం ఒంటరిది గ్లెన్. గడ్డకట్టుకుపోతుంది."

గ్లెనిస్ పళ్లు నూరుకుంటూ డిక్కీ నింపింది. వచ్చే ఏడాది నుంచి మా వల్ల కాదని ఊనాతో మొహం మీదే చెప్పేద్దామని దారంతా మాటలు కూర్చుకుంది. తలుపు తీయగానే ఆ మాటలన్నీ ఎగిరిపోయాయి. లోపల్నుంచి వేడి వచ్చి మొహానికి కొట్టింది. ఊనా పొట్టి చేతుల చొక్కా వేసుకుని, మోచేతుల దాకా మట్టితో నిలబడి ఉంది. మూలనున్న చిన్న పొయ్యి అద్దం తళతళలాడుతోంది. దాని వెనక రెండు మూడు చీల్చిన పేళ్ల మీద పసుపుపచ్చని మంట చలాకీగా ఆడుతోంది.

"ఇంత వేడేంటి ఇక్కడ?" అంది గ్లెనిస్, పలకరింపు మర్చిపోయి.

"చలికాలం కదా. పొయ్యి వెలిగించా."

"మరి పొగేది?"

"పొగెందుకొస్తుంది?" అని ఊనా ఎదురడిగింది.

ఇద్దరూ కలిసి డిక్కీలో కట్టె దించడానికి పెరట్లోకి వెళ్లారు. రేకుల కింద చూసి గ్లెనిస్ నోరు తెరిచింది. క్లైవ్ ఇన్నేళ్లుగా దానమిచ్చిన కట్టె అంతా వరసలు వరసలుగా పేర్చి ఉంది. కొన్ని వరసలు బూడిదరంగుకు తిరిగి చివర్లు పగిలాయి. ఈమధ్యవి ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

"ఇదేంటి ఊనా, ఒక్కటీ వాడలేదా?"

"వాడుతున్నా. మూడేళ్ల కిందట ఇచ్చినవి ఇప్పుడు వాడుతున్నా. నీ మొగుడు మంచోడే గానీ, తెచ్చేది పచ్చి కట్టె. అతనికి చెప్పకు తల్లీ, నొచ్చుకుంటాడు." ఊనా ఒక పాత పేడు, డిక్కీలోంచి ఒక కొత్త పేడు తీసి గ్లెనిస్ చేతుల్లో పెట్టింది. "వీటిని నేలకేసి కొట్టి చూడు."

పాతది ఖంగుమంది. కొత్తది మెత్తగా దబ్బుమంది.

"ఆ దబ్బుమన్నదాన్ని పొయ్యిలో వేస్తే ముందు అందులో నీళ్లు ఉడకాలి. నీ వేడంతా ఆ ఉడకడానికే సరి. దానికితోడు గాలి కూడా మూసేస్తారు మీరు. గాలి లేకపోతే కట్టె మండదు, ఉడుకుతుంది. మండాల్సిందంతా పొగై గొట్టంలోంచి పోతుంది. నేను బట్టీ కాల్చేటప్పుడు పొగ కనబడిందంటే నా పాత్రలు వేడెక్కట్లేదని అర్థం. ఇంట్లో పొయ్యికైనా అదే లెక్క. నువ్వు మోసుకొచ్చిన కట్టెలో సగం నది మీద కూర్చుంటోంది చూడు."

గ్లెనిస్‌కి కోపమొచ్చింది. ఊనా మీద కాదు. ఇన్నాళ్లూ మోసిన మొద్దులన్నీ నడుంలో మళ్లీ ఒకసారి కలుక్కుమన్నాయి. "మరి రాత్రంతా ఆరకుండా ఎలా ఉంచుతావు?"

"ఉంచను. ఆరిపోతుంది."

"ఆరిపోతుందా! రోజూ?"

"రోజూ. సాయంత్రం బాగా మండిస్తా, వెనక ఇటుక గోడ వేడెక్కుతుంది. తలుపులూ పరదాలూ వేసుకుంటా. పొద్దున లేచి మళ్లీ వెలిగిస్తా. టీ నీళ్లు మరిగేలోపు మంట వస్తుంది. నిప్పు ఆరితే కొంపలేం అంటుకోవు గ్లెనిస్."

చర్చిలో ఎవరో బూతు మాట అన్నట్టు గ్లెనిస్ అటూ ఇటూ చూసింది. తర్వాత పకపకా నవ్వింది.

ఇంటికొచ్చి నేరుగా కట్టెల కొట్టంలోకి వెళ్లింది. క్లైవ్ కట్టె ఎప్పుడూ ముందునుంచే తీసేవాడు. కొత్తది కొట్టుకొచ్చి మళ్లీ ముందే పేర్చేవాడు. అంటే వెనకున్నది ఎప్పటిది? ముందు వరసల మీద ఎక్కి, సాలెగూళ్లు దులుపుకుని, వెనకనుంచి ఒక పేడు లాగి రాతి మీద కొట్టింది. ఖంగుమంది. ఇంకొకటి లాగింది. అదీ అంతే. గోడ వారగా ఏళ్ల తరబడి ఎవరూ ముట్టని కట్టె, ఎముకలా ఎండి, ఆమె కోసమే కాచుకున్నట్టు ఉంది. గ్లెనిస్‌కి ఒళ్లంతా బలం వచ్చింది. ఈ చలికాలం ఆ ఇంట్లోంచి కదిలేది లేదని ఆ క్షణంలోనే తేల్చేసుకుంది.

భుజానికి మాత్రలు వేసుకోవడంతో క్లైవ్ పెందలాడే పడుకుంటున్నాడు. రాత్రి పొయ్యి చూసుకోవడం, పొద్దున అతను లేవకముందే బస్సుకు బయల్దేరడం ఎలాగూ ఆమె వంతే. కాబట్టి ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది.

మొదటి పొద్దున మాత్రం పరువు పోయినంత పనైంది. అడుగున కాగితాలు, వాటి మీద పుల్లలు, పైన పెద్ద పేడు పెట్టి వెలిగిస్తే, చల్లటి గొట్టం పొగను పీల్చక గదిలోకే కక్కింది. కిటికీలు తెరిచి తువ్వాలుతో విసురుతుంటే క్లైవ్ మంచం మీంచే అరిచాడు.

"ఏంటే ఆ వాసన?"

"రొట్టె మాడింది. పడుకో."

మర్నాడు ఊనా ఇంటి ముందు బస్సాపి, పిల్లలంతా కిటికీల్లోంచి చూస్తుండగా కేకేసి అడిగింది. ఊనా గేటు దగ్గరకొచ్చి చేతులతో గాల్లోనే పేర్చి చూపించింది. లావు పేళ్లు అడుగున, సన్నవి వాటి మీద, చిదుగులు అన్నింటికంటే పైన. నిప్పు కూడా పైనే పెట్టాలి. మంట కిందికి దిగుతూ పోతుంది, గొట్టం ముందే వేడెక్కుతుంది, పొగ లేచిందంటే పైనున్న మంటలో పడి అదీ మండిపోతుంది. తలకిందులుగా ఉందనిపించింది గ్లెనిస్‌కి. చేసి చూస్తే అగ్గిపుల్ల ఒక్కటే ఖర్చయింది.

ఆ తర్వాత ఆమెకు అది ఆటలా పట్టుబడింది. మణికట్టంత లావుకు చీల్చిన పేళ్లే వేసేది. వేయగానే మీట పూర్తిగా తెరిచి, మంట బాగా అందుకున్నాక కొంచెం తగ్గించేది. చివరికంటా మాత్రం ఎప్పుడూ మూయలేదు. నిప్పులు కణకణలాడుతుంటేనే మళ్లీ రెండు పేళ్లు వేసేది. బస్సు దిగి రాగానే ఎండ ఉండగానే పరదాలు వేసేసేది. పాత ప్యాంటు కాలు కత్తిరించి ఇసుక నింపి, పాములా చేసి తలుపు కింద పడుకోబెట్టింది. వాడని గదుల తలుపులు మూసేసింది. తడిపిన కాగితాన్ని బూడిదలో అద్ది అద్దం తోమితే, ఇన్నేళ్ల తర్వాత ఆ ఇంట్లో మంట మొహం కనబడింది. సాయంత్రాలు దాన్ని చూస్తూ కూర్చోవడం ఆమెకు చాలా ఇష్టమైపోయింది.

"ఇల్లు ఈ ఏడు భలే వెచ్చగా ఉందే," అన్నాడు క్లైవ్ జూలైలో, కోటు విప్పుతూ. "అద్దం ఏం చేశావు?"

"తుడిచా."

"నేను చెప్పినట్టు చేస్తే ఎట్లా ఉందో చూశావా మరి?"

గ్లెనిస్ పొయ్యి తలుపు తీసి ఇంకో పేడు వేసింది. ఆ వారం క్లబ్బులో అతను నలుగురిని కూర్చోబెట్టుకుని, "భుజం పోయిందిరా, నిప్పు మాత్రం పోలేదు. మా ఆవిడకి దగ్గరుండి నేర్పించా," అని చెప్పుకున్నాడని ఆమెకు తెలిసింది. ఆ కబురు తనకు చేరవేసినవాడి ముందు కూడా నవ్వి ఊరుకుంది. అతని గొప్ప అతనికి, ఆమె బస్సు ఆమెకు. కొట్టంలో మిగిలిన ముందు వరస చెక్కుచెదరలేదు. వెనక గుట్ట నెమ్మదిగా, చాలా నెమ్మదిగా తగ్గుతోంది.

ఆగస్టులో ఒక శుక్రవారం స్కూలు ఆడపిల్లల నెట్‌బాల్ జట్టును న్యూ నార్‌ఫోక్ తీసుకెళ్లాల్సి వచ్చింది. సాయంత్రానికి తిరిగి రావాల్సిన ప్రయాణమే. ఆమె బయల్దేరుతుంటే వెర్నా కారు వచ్చి గేటు దగ్గర ఆగింది. డిక్కీలోంచి చక్రాల పెట్టెలు రెండు దించింది. రెండూ ఖాళీవే.

"ఏంటి వదినా, ఎక్కడికి ప్రయాణం?"

"మీకే. కట్టె అయిపోయి ఉంటుందని వచ్చా. మీరు నోరు విడిచి అడగరుగా, అభిమానవంతులు."

"అయిపోలేదు. కావాలంటే వెళ్లి చూసుకో. రాత్రికి మాట్లాడుకుందాం," అని గ్లెనిస్ బస్సు తీసింది.

ఆ సాయంత్రం లోయ మీద గాలివాన విరుచుకుపడింది. కొండల మీద మంచు కురిసింది. చెట్లు కూలి దారి మూసుకుపోయింది. పిల్లలతో పాటు గ్లెనిస్ అక్కడి స్కూలు హాల్లోనే దుప్పట్లు కప్పుకుని పడుకుంది. ఇంటికి ఫోను చేస్తే మోగలేదు. పొద్దున బస్సు రేడియోలో, దక్షిణం వైపు ఊళ్లన్నిట్లో కరెంటు లేదని విన్నది. దారి తెరిచాక పిల్లల్ని ఎవరిళ్ల దగ్గర వాళ్లను దించి, ఇల్లు చేరేసరికి మధ్యాహ్నమైంది.

గేటు దగ్గరే ఆమెకు విషయం అర్థమైంది. గొట్టంలోంచి పొగ రావట్లేదు, కిటికీల్లోంచి వస్తోంది.

లోపల క్లైవ్ పొయ్యి ముందు మోకాళ్ల మీద ఉన్నాడు. మొహమంతా మసి. అతని చుట్టూ కాలిన అగ్గిపుల్లలు చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. పొయ్యి నోట్లో కొట్టం ముందు వరస నుంచి ఈడ్చుకొచ్చిన పెద్ద పచ్చి మొద్దు ఒకటి, ఒక పక్క నల్లగా, బండరాయిలా కూర్చుంది. వెర్నా కోటు, టోపీ, చేతితొడుగులు వేసుకుని, రెండు దుప్పట్లు చుట్టుకుని సోఫాలో ముక్కు చీదుకుంటోంది. తలుపు పక్కన రెండు పెట్టెలూ నిండుగా, జిప్పులు వేసి నిలబడి ఉన్నాయి.

"వచ్చావా, రా తల్లీ," అంది వెర్నా. "రాత్రి ఈయనగారు ఆ దూలాన్ని లోపల కుక్కి, గాలి మూసి, ఇక చూసుకో అక్కా అని పడుకున్నాడు. తెల్లారి చూసుకుంటే ఏముంది, శవం! అప్పట్నుంచీ వెలిగిస్తూనే ఉన్నాడు. మీ బట్టలు సర్దేశా. నిప్పు ఆరిన రోజు బయల్దేరతానన్నాడు. ఇవాళ ఆరింది. ఒప్పుకున్నాడు కూడా."

గ్లెనిస్ క్లైవ్ వైపు చూసింది. అతను తలెత్తలేదు.

"ఒప్పుకున్నావా?"

"ఇంకేం చెయ్యను?" అన్నాడు. "డీజిల్ సీసా లేదు. నువ్వెక్కడ పడేశావో. అది లేకుండా నాకు..." అగ్గిపెట్టెలోంచి ఇంకో పుల్ల తీశాడు. "నాకు వెలిగించడం రాదు గ్లెన్. ఎప్పుడూ రాలేదు. అందుకేగా ఆరకుండా చూసుకునేది."

ఆ మాటతో గ్లెనిస్ కోపమంతా ఎక్కడికో పోయింది. ఇన్ని చలికాలాలు అతను రాత్రుళ్లు లేచి లేచి చూసుకున్నది గొప్ప కోసమనే అనుకుంది. ఆ పెద్ద మనిషి ఒక అగ్గిపుల్లకు భయపడి బతికాడని ఇప్పుడే తెలిసింది. పక్కన కూర్చుని అతని చేతిలోంచి అగ్గిపెట్టె తీసుకుంది.

"క్లైవ్, ఒక మాట చెప్తా, అరవకు. జూన్ నుంచి ఈ నిప్పు ప్రతి రాత్రీ ఆరుతూనే ఉంది."

అతను తలెత్తాడు. సోఫాలో ముక్కు చీదడం ఆగింది.

"ప్రతి రాత్రీనా?"

"ప్రతి రాత్రీ. పొద్దున నువ్వు లేవకముందు మళ్లీ వెలిగిస్తున్నా. ఇల్లు వెచ్చగా ఉందని మెచ్చుకున్నావే, అదంతా ఆరిన నిప్పే. నమ్మకపోతే కొట్టంలోకి వెళ్లి వెనక వైపు చూడు."

క్లైవ్ లేచి బయటికి వెళ్లాడు. వెర్నా నోరు తెరవబోయింది.

"కింగ్‌స్టన్‌లో కూడా కరెంటు లేదు వదినా," అంది గ్లెనిస్. "రేడియోలో చెప్పారు. బటన్ నొక్కితే ఏమొస్తుందో మరి."

వెర్నా దుప్పటి ఇంకాస్త దగ్గరకు లాక్కుంది.

చాలాసేపటిదాకా క్లైవ్ రాలేదు. వచ్చినప్పుడు జుట్టు నిండా సాలెగూళ్లున్నాయి. తలుపు పక్కనున్న పెట్టె ఒకటి తీసి, జిప్పు లాగి, అందులోని తన పైజామాలూ గ్లెనిస్ స్వెటర్లూ సోఫాలో వెర్నా ఒళ్లో కుమ్మరించాడు. ఖాళీ పెట్టెను ఈడ్చుకుంటూ మళ్లీ బయటికి నడిచాడు.

"ఒరేయ్, అది నా కొత్త పెట్టెరా!"

"ఒంటి చేత్తో ఇంకెట్లా తేవాలి అక్కా?" అని బయట్నుంచి కేక వినబడింది.

పెట్టె చక్రాల మీద గడగడలాడుతూ తిరిగొచ్చింది. నిండా వెనక వరస కట్టె, పైన చిదుగులు. క్లైవ్ పొయ్యి ముందు మోకరిల్లి, పచ్చి మొద్దును లాగి అవతల పడేసి, ఒక పేడు తీసి గచ్చుకేసి కొట్టాడు. ఖంగుమంది. దాన్ని కాసేపు చెవి దగ్గర పెట్టుకుని కూర్చున్నాడు.

"ఇంకా బోలెడుంది వెనక," అన్నాడు. "తిరునాళ్ల దాకా వస్తుంది."

"వస్తుంది."

"నేనెప్పుడూ ముందునుంచే తీసేవాణ్ణి."

"తెలుసు."

"నేర్పు."

గ్లెనిస్ చేతులు వెనక్కి కట్టుకుంది. ఒక్క పేడు కూడా ముట్టలేదు. "లావువి అడుగున. దగ్గరగా కాదు, గాలి ఆడనీ. ఆఁ. సన్నవి అడ్డంగా. చిదుగులు పైన. ఇంకా పైన. మీట తెరువు. ఇంకా. ఇంకా. చివరికంటా." ఏప్రిల్‌లో అతను అన్న మాటలే అతనికి తిరిగి వెళ్తున్నాయని ఇద్దరికీ ఒకేసారి తట్టింది. క్లైవ్ మసి మొహంలో పళ్లు తెల్లగా మెరిశాయి.

ఎడమ చేత్తో అగ్గిపుల్ల గీశాడు. మొదటిది విరిగింది. రెండోది వెలిగింది. చిదుగుల మీద పెట్టాడు. చిన్న మంట తటపటాయించి, పక్కదాన్ని అంటుకుని, తర్వాత కిందికి చూసి ఒక్కో మెట్టూ దిగడం మొదలుపెట్టింది. గొట్టం టిక్కు టిక్కుమని వేడెక్కింది. గదిలోకి ఒక్క పోగు పొగ కూడా రాలేదు. క్లైవ్ కళ్లలో నీళ్లు తిరిగాయి. పొగ వల్ల అని చెప్పుకోవడానికి కూడా వీల్లేకుండా పోయింది.

కాసేపటికి వెర్నా టోపీ తీసింది. తర్వాత చేతితొడుగులు. తర్వాత కోటు. పొయ్యి మీద కెటిల్ మరుగుతుంటే, "మా ఇంట్లో కరెంటు ఎప్పుడొస్తుందో ఏమో," అంది ఎవరితోనూ కాకుండా.

"ఉండు వదినా, ఎన్నాళ్లయినా ఉండు," అంది గ్లెనిస్. "నీలం తువ్వాలు నీది. గోధుమరంగుది క్లైవ్‌ది. కలపకు మరి."

క్లైవ్ పగలబడి నవ్వాడు. వెర్నా కూడా ఉండబట్టలేక నవ్వింది. ఊనా పెరట్లో మూడేళ్లుగా ఎండుతున్న అతని దానం గురించి మాత్రం గ్లెనిస్ ఆ రోజు ఎత్తలేదు. ఒక రోజుకు ఒక మనిషికి అంత చాలు.

సాయంత్రం భోజనాలయ్యాక ముగ్గురూ మంట చూస్తూ కూర్చున్నారు. పేళ్లు కాలి నిప్పులయ్యాయి. క్లైవ్ ఆవులించి లేచాడు. ఇన్నేళ్ల అలవాటు కొద్దీ చెయ్యి దానంతటదే గాలి మీట మీదికి వెళ్లింది. అక్కడే ఆగింది. గ్లెనిస్ చూస్తోంది. అతను మీట వదిలేసి, పొద్దుటికి కావలసిన చిదుగులు వెర్నా పెట్టెలోంచి ఏరి, పొయ్యి పక్కన వరసగా పేర్చాడు.

"ఆరనీలే గ్లెన్," అన్నాడు. "పొద్దున నేను వెలిగిస్తా. నువ్వు బస్సు చూసుకో."